గాలి కబురు చేరడం వేరు, గొట్టం నిండడం వేరు

మొన్న ఆదివారం నేనూ మా మేనల్లుడూ సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్లో వస్తున్నాం. అత్తిపట్టు పుదునగర్ దగ్గర బండి ఆపేశారు. పక్క లైన్లో బొగ్గు దించేసిన గూడ్స్ ఒకటి కదలడానికి సిద్ధంగా ఉంది. ఇంజన్ వైపు నుంచి బ్రేకులు వదిలిన చప్పుడు మొదలై, ఒక్కో వ్యాగన్ దగ్గరా సుయ్‌మని గాలి పోతూ, మా కిటికీని దాటి గార్డు పెట్టె వైపుకి నడుచుకుంటూ వెళ్లింది. నడుచుకుంటూ అని ఊరికే అనడం లేదు, చెవితో వెంబడించగలిగినంత నిదానంగానే పోయింది.

మావాడు ఇన్‌స్ట్రుమెంటేషన్ మూడో సంవత్సరం. "మామయ్యా, పైపులో ప్రెషర్ సిగ్నల్ సౌండ్ స్పీడ్‌తో పోతుంది కదా, ఇదేంటి ఇంత తీరుబడిగా పోతోంది?" అన్నాడు. లెక్క కూడా వేసేశాడు. 58 వ్యాగన్లంటే దాదాపు 620 మీటర్లు, శబ్దం సెకనుకి దాదాపు 347 మీటర్లు, అంటే రెండు సెకన్లు కూడా పట్టకూడదు.

వాడి లెక్క తప్పు కాదు, సగమే. ఆ మిగతా సగం తెలియకపోవడం వల్ల చెన్నై పక్కన మణలి వైపు ప్లాంట్లలో నేను పని చేసిన రోజుల్లో ఎన్ని రాత్రులు పాడయ్యాయో చెప్పలేను. బండి ఎలాగూ కదలడం లేదు కాబట్టి వాడికి మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఇక్కడ రాస్తున్నది అదే, ట్రైన్లో చెప్పలేకపోయిన లెక్కలు కొన్ని కలిపి.

ముందు, అసలు ఈ గాలి సిగ్నల్ ఏంటో చూద్దాం. పాతకాలం ప్లాంట్లలో ట్యాంకులో లెవెల్, లైన్లో ఫ్లో, రియాక్టర్లో టెంపరేచర్ ఏదైనా సరే, ఫీల్డ్‌లో ఉన్న ట్రాన్స్‌మిటర్ దాన్ని గాలి ప్రెషర్‌గా మార్చి ఒక సన్నటి రాగి ట్యూబ్‌లో కంట్రోల్ రూమ్‌కి పంపేది. సున్నాకి 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అని ప్రెషర్ కొలత), ఫుల్ స్కేల్‌కి 15 పీఎస్ఐ. సున్నాకి సున్నా ఎందుకు పెట్టలేదంటే, ట్యూబ్ తెగిపోతే కూడా సున్నానే వస్తుంది కాబట్టి. 3 కంటే కిందకి పడిందంటే ఏదో ఊడిందని ఆపరేటర్‌కి వెంటనే తెలిసిపోతుంది. తర్వాత వచ్చిన 4–20 మిల్లీ ఆంపియర్ల కరెంటు సిగ్నల్‌లోనూ ఇదే తెలివి ఉంది, నిష్పత్తి కూడా అదే ఒకటికి ఐదు. కంట్రోలర్ ఆ ప్రెషర్ చూసి, తన వంతు 3–15 పీఎస్ఐని ఇంకో ట్యూబ్‌లో వెనక్కి ఫీల్డ్‌లోని కంట్రోల్ వాల్వ్‌కి పంపుతుంది. కొలిచి, చూసి, వాల్వ్ దిద్దే ఈ చుట్టునే లూప్ అంటాం. ఆయిల్, గ్యాస్ ఉన్నచోట నిప్పురవ్వ భయం లేని పద్ధతి ఇది. ఇప్పటికీ ఎంత కంప్యూటర్ కంట్రోల్ వచ్చినా చాలా ప్లాంట్లలో వాల్వ్ దగ్గర ఆఖరి నాలుగైదు అడుగులు గాలిదే రాజ్యం.

ఇంత సన్నటి గొట్టంలో, ఇంత దూరం పోయి, ప్రెషర్ తప్పు లేకుండా ఎలా అందుతుంది? పెట్రోల్ బంకులో గాలి పట్టించేటప్పుడు గమనించండి. గాలి పోతున్నంతసేపూ మీటర్లో ముల్లు ఒకటి చూపిస్తుంది, ఆ కుర్రాడు లీవర్ వదలగానే ఇంకోటి చూపిస్తుంది. టైరులో ఉన్న అసలు ప్రెషర్ వదిలాక చూపించేదే. గాలి పారుతుంటేనే గొట్టం రాపిడికి ప్రెషర్ పోతుంది, పారకపోతే ఈ కొసకీ ఆ కొసకీ తేడా ఉండదు. ఇన్‌స్ట్రుమెంట్ ట్యూబ్ అవతలి కొస మూసి ఉంటుంది, అక్కడ ఒక చిన్న బెల్లోస్ (ప్రెషర్‌కి సాగే ముడతల తిత్తి) తప్ప గాలి పోయే దారి లేదు. కాబట్టి అన్నీ సర్దుకున్నాక పది మీటర్లైనా మూడొందల మీటర్లైనా ప్రెషర్ ఒకటే. గొడవంతా ఆ "సర్దుకున్నాక" అన్న మాటలోనే ఉంది.

ఈ కొసలో ప్రెషర్ పెంచామనుకోండి. ఆ కొసలో రెండు పనులు జరగాలి. పెరిగిందన్న కబురు అందాలి, పెరిగిన ప్రెషర్‌కి సరిపడా గాలి అక్కడిదాకా వెళ్లి చేరాలి. మొదటిది శబ్దవేగంతో జరుగుతుంది. వంద మీటర్లకి 0.29 సెకను. ప్రెషర్ ఎక్కువా తక్కువా అన్నదాంతో దానికి పని లేదు, వేడితో మాత్రం కొంచెం మారుతుంది, మే నెల ఎండలో చెన్నైలో 40 డిగ్రీలున్నప్పుడు సెకనుకి 355 మీటర్ల దాకా పోతుంది. కానీ రెండో పనికి శబ్దవేగంతో సంబంధం లేదు. అది తొట్టి నింపడం లాంటిది.

లెక్క వేసి చూపిస్తాను. మనవాళ్లు క్వార్టర్ ఇంచ్ అనే ట్యూబ్‌కి లోపలి బోర్ సుమారు 4.8 మిల్లీమీటర్లు. అది వంద మీటర్లుంటే లోపల దాదాపు 1.8 లీటర్ల చోటు ఉంటుంది. 3 నుంచి 15 పీఎస్ఐకి వెళ్లాలంటే ఆ గొట్టంలోకి కొత్తగా లీటరున్నర మామూలు గాలి ఎక్కించాలి, అదీ పెన్సిల్ కంటే సన్నటి కంతలోంచి. గాలికి జిగట లేదనుకుంటాం గానీ, ఉంది, కొద్దిగా. ఇంత సన్నటి, ఇంత పొడుగు గొట్టంలో ఆ కొద్దిదే చాలు. దూరం పెరిగితే రాపిడి పెరుగుతుంది, దాంతోపాటు నింపాల్సిన చోటూ పెరుగుతుంది. రెండూ దూరంతోనే పెరుగుతున్నాయి కాబట్టి నిండడానికి పట్టే కాలం దూరం వర్గంతో పెరుగుతుంది. వంద మీటర్లకి మార్పులో 63 శాతం (ఆలస్యాన్ని కొలవడానికి మేం పెట్టుకునే గుర్తు) అందడానికి దాదాపు 0.8 సెకను పడితే, రెండొందలకి మూడు సెకన్ల పైన, మూడొందలకి ఏడు సెకన్లు. అదే మూడొందల మీటర్లకి శబ్దం వెళ్లే టైమ్ 0.86 సెకను మాత్రమే.

మరి శబ్దవేగంతో పోయిన ఆ కబురు ఏమైనట్టు? పోయింది, చేరింది, కానీ గుసగుసలా చేరింది. వంద మీటర్ల గొట్టంలో దూసుకుపోయే ఆ మొదటి అల, గోడల రాపిడికి అరిగి అరిగి, కొసకి వెళ్లేసరికి ఏడో వంతు కూడా మిగలదు. మూడొందల మీటర్లలో వెయ్యిలో మూడు వంతులు మిగిలితే గొప్ప. పెళ్లి ఊరేగింపు వస్తోందని ముందు ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చి చెప్పి వెళ్లినట్టు ఉంటుంది అది, జనం వచ్చేది తర్వాతే.

ఇది గాలివాళ్లు కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1850లలో సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేయాలనుకున్నప్పుడు, తర్వాత లార్డ్ కెల్విన్ అయిన విలియమ్ థామ్సన్ సరిగ్గా ఈ లెక్కే వేశాడు. రాగి తీగకి నిరోధం ఉంది, దాని చుట్టూ ఉన్న తొడుగు కరెంటుని కొంచెం కొంచెంగా దాచుకుంటుంది, రెండూ పొడుగుతో పెరుగుతాయి, కాబట్టి ఆలస్యం పొడుగు వర్గంతో పెరుగుతుందన్నాడు. వైట్‌హౌస్ అనే ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. 1858లో అట్లాంటిక్ కింద వేసిన మొదటి కేబుల్‌లో విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం వెళ్లడానికి 16 గంటలు పట్టింది. కబురు మందగించిందని వైట్‌హౌస్ ఓల్టేజి పెంచుకుంటూ పోయి 2000 వోల్టుల దాకా ఎక్కించాడు. కొన్ని వారాలకే కేబుల్ చచ్చిపోయింది. థామ్సన్ చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకుని, మందమైన రాగి పెట్టాకే పెద్ద కేబుళ్లు సరిగ్గా నడిచాయి. 1870–71లో మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కి వేసిన కేబుల్ ఆ తరంలోదే.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, వైట్‌హౌస్ చేసిన పని నేను కళ్లారా చూశాను, గాలితో.

పాతికేళ్లు దాటింది. ఒక ప్లాంట్లో కొత్త కంట్రోల్ రూమ్ కట్టి ప్యానెల్ అక్కడికి మార్చారు. ట్యూబ్‌లు 60 మీటర్ల నుంచి 180 మీటర్లకి పెరిగాయి. "మూడింతలే కదా, ఏం కాదులే" అనుకున్నారు, అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. స్టార్టప్ రోజు టెంపరేచర్ లూపులన్నీ ఏమీ పట్టనట్టు నడిచాయి. లెవెళ్లు కూడా బాగానే ఉన్నాయి. ఒక ఫ్లో లూప్ మాత్రం ఊగడం మొదలుపెట్టింది, చార్టు మీద పెన్ను రంపం పళ్లలా గీస్తూనే ఉంది. లీకు అన్నారు. రాత్రి రెండింటిదాకా టార్చి పట్టుకుని ట్యూబ్ అతుకుల దగ్గరుండే ప్రతి ఫెర్రూల్‌కీ సబ్బు నురగ రాశాం, ఒక్క బుడగ రాలేదు. అప్పుడొక పెద్దమనిషి, "గాలికి బలం చాలడం లేదు, సప్లై పెంచండి" అన్నాడు. 20 పీఎస్ఐ ఉండాల్సిన రెగ్యులేటర్‌ని 30కి తిప్పారు. ఊగడం ఆగలేదు గానీ, సిగ్నల్ అందుకునే రిసీవర్‌లో ఒక బెల్లోస్ సాగిపోయి మరి పనికిరాకుండా పోయింది.

గొట్టం వల్ల వచ్చే ఆలస్యం ఎంత గట్టిగా తోశాం అన్నదాని మీద ఆధారపడదు. ఒక పీఎస్ఐ మార్చినా, మూడు మార్చినా, ఆ మార్పులో 63 శాతం అందడానికి పట్టే టైమ్ దాదాపు ఒకటే. ఎక్కువ తోస్తే ఎక్కువ అందుతుంది, త్వరగా అందదు. (పంపేవైపు గొట్టంలోకి గాలి వదిలే రిలే శక్తి చాలక, ఫుల్లుగా తెరుచుకుని కూర్చుంటే అది వేరే సంగతి. అప్పుడు సప్లై పెంచితే కొంత ఉపయోగం ఉంటుంది. ఆ రోజు మాది అది కాదు.)

మూడింతల పొడుగంటే తొమ్మిదింతల ఆలస్యం. 60 మీటర్లప్పుడు 0.28 సెకను ఉండేది 180కి వచ్చేసరికి రెండున్నర సెకన్లైంది. అదీ ఒకసారి కాదు, ట్రాన్స్‌మిటర్ నుంచి కంట్రోలర్‌కి ఒకసారి, కంట్రోలర్ నుంచి వాల్వ్‌కి ఇంకోసారి. ఫ్లో అనేది వాల్వ్ కదిలిన సెకనులోపే మారిపోయే వస్తువు. మనం దిద్దుబాటు పంపేసరికి ఐదు సెకన్లు గడిచి, అసలు తప్పు తిరగబడి, మన దిద్దుబాటే కొత్త తప్పవుతుంది. టెంపరేచర్ లూప్‌కి అలా కాదు. రియాక్టర్ వేడెక్కడానికే నిమిషాలు పడుతుంది, దానికి ఐదు సెకన్ల ఆలస్యం సోదిలోకి కూడా రాదు. అందుకే అదే ట్యూబ్, అదే పొడుగు, ఒక లూప్‌కి గుదిబండ, ఇంకోదానికి కనిపించను కూడా కనిపించదు. "ఎన్ని మీటర్ల దాకా ఫరవాలేదు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు "ఏ లూప్?" అని ఎదురడుగుతాను.

ఆ రోజు గుట్టు విప్పింది మా ఫోర్‌మన్. నెల్లూరాయన, డిప్లొమా కూడా లేదు, చేత్తో పట్టుకుని చెప్పేసే రకం. తెల్లారి డ్యూటీకి వచ్చి, మేం చెప్పిందంతా విని, వాల్వ్ దగ్గరికి వెళ్లి నెత్తిన ఉన్న పెద్ద డయాఫ్రమ్ డబ్బాని తట్టి, "ఏందబ్బా, ఇంత పెద్ద కుండని ఆ చీపురుపుల్ల గొట్టంతో నింపమంటే ఎప్పటికి నిండుద్ది?" అన్నాడు. మాలో ఒక్కరికీ తట్టని మాట అది. అందరం గొట్టం లెక్కే వేస్తున్నాం, గొట్టం కొసన ఏం వేలాడుతోందో చూడలేదు.

ఆ డబ్బాని, అంటే వాల్వ్‌ని కదిపే యాక్చుయేటర్‌ని, ఐదు లీటర్ల చోటు అనుకోండి. వంద మీటర్ల క్వార్టర్ ఇంచ్ ట్యూబ్‌తో దాన్ని నింపాలంటే ఒక్క దానికే నాలుగు సెకన్ల పైన పడుతుంది, గొట్టం తనకి తాను నిండడానికి పట్టే 0.8 సెకనుకి ఇది ఐదింతలు. మాది 180 మీటర్లు కాబట్టి ఏడెనిమిది సెకన్లు. గొట్టం మార్చాలా వద్దా అన్నది కూడా ఈ తేడా మీదే ఆధారపడుతుంది. సన్నటి గొట్టంలో నెమ్మదిగా పారేదానికి నిరోధం వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. 1839లో హాగెన్, ఆ తర్వాత రక్తం సన్నటి నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలనుకున్న పోయిజె అనే ఫ్రెంచి డాక్టరు, ఇద్దరూ విడివిడిగా తేల్చిన సంగతి ఇది. గొట్టం లావు చేస్తే రాపిడి నాలుగో ఘాతంతో తగ్గుతుంది, కానీ గొట్టంలో నింపాల్సిన చోటు వర్గంతో పెరుగుతుంది. కాబట్టి కొసన చిన్న బెల్లోస్ మాత్రమే ఉంటే, క్వార్టర్ ఇంచ్ తీసేసి త్రీ బై ఎయిట్ వేస్తే మూడింతల లోపే లాభం. కొసన పెద్ద కుండ ఉంటే మాత్రం అదే మార్పుకి ఏడెనిమిదింతల లాభం. రెండు చోట్లా ఒకటే ఖర్చు, మరి.

మేం గొట్టం మార్చలేదు. వాల్వ్ మీద పొజిషనర్ పెట్టాం, సిగ్నల్ చెప్పినంత మేరకే వాల్వ్ తెరుచుకునేలా చూసేది. దానికి సిగ్నల్ వైపు ఉండేది చిటికెడు బెల్లోస్, యాక్చుయేటర్‌ని నింపే గాలి పక్కనే ఉన్న సప్లై హెడర్ (పెద్ద గాలి పైపు) నుంచి తీసుకుంటుంది. అంటే దూరం నుంచి వచ్చే గొట్టం ఇక కబురు మాత్రమే మోస్తుంది, బరువు మోయదు. బరువంతా దగ్గర్లో ఉన్న గాలి మోస్తుంది. ఇంకా తొందర కావాలంటే బూస్టర్ రిలే పెడతారు, పని అదే. ఊగడం పూర్తిగా పోలేదు, గొట్టం ఆలస్యం అలాగే ఉంది కాబట్టి కంట్రోలర్ గెయిన్, అంటే తప్పుకి ఎంత గట్టిగా దిద్దాలన్నది, కొంచెం తగ్గించాల్సి వచ్చింది. కానీ పెన్ను రంపం మానేసి గీత గీసింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, పుస్తకాల్లో ఉంటుంది గానీ ప్లాంట్లో ఎవరూ చెప్పరు. అదే లూప్ తక్కువ లోడ్‌లో మొరాయించి, ఎక్కువ లోడ్‌లో బుద్ధిగా నడుస్తుంటుంది. గాలి మెత్తదనం దాని మొత్తం ప్రెషర్ మీద, అంటే వాతావరణ పీడనం కూడా కలిపిన దాని మీద, ఆధారపడుతుంది. 15 పీఎస్ఐ దగ్గర గాలి బిరుసుగా ఉంటుంది, 3 దగ్గర మెత్తగా ఉంటుంది. లెక్క వేస్తే కింద స్కేల్లో అదే గొట్టం పైన కంటే దాదాపు 1.7 రెట్లు నెమ్మది. ట్యూనింగ్ స్కేల్ మధ్యలో చేసి, కింద ఊగుతుంటే కంట్రోలర్‌ని తిట్టడం మామూలే.

పొడుగు గొట్టాల గోల ఇంతే. పొట్టి గొట్టాల గోల దీనికి పూర్తిగా తలకిందులు.

కెల్విన్ లెక్కలో తీగకి బరువు లేదు, అంటే కరెంటు మొదలవడానికీ ఆగడానికీ మొండికేసే గుణాన్ని ఆయన వదిలేశాడు. 1876లో ఆలివర్ హెవిసైడ్ దాన్ని కలిపాడు. గాలికైతే నిజంగానే బరువుంది, కదిలిన గాలి ఆగమంటే ఆగదు. గొట్టం పొట్టిగా ఉంటే రాపిడికి దాన్ని అరగదీసేంత అవకాశం ఉండదు, కాబట్టి అల దాదాపు అలాగే కొసకి వెళ్లి, మూసి ఉన్న కొసని గుద్దుకుని, అక్కడ ఎత్తు రెండింతలై, వెనక్కి తిరుగుతుంది. మీరు ఒక పీఎస్ఐ పెంచితే అవతల ఒక్క క్షణం రెండుకి దగ్గరగా వెళ్లి, మళ్లీ కిందకి పడి, నాలుగైదు సార్లు ఊగి నిలబడొచ్చు. పది మీటర్ల గొట్టంలో ఆ ఊపు సెకనుకి తొమ్మిది సార్ల దగ్గర ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోగడం, పిల్లనగ్రోవి మోగడం ఈ కుటుంబమే. క్వార్టర్ ఇంచ్ ట్యూబ్‌లో సుమారు 35, 40 మీటర్ల దగ్గర ఈ రెండు స్వభావాలూ కలుస్తాయి. అంతకంటే పొట్టిదైతే శబ్దవేగం మాట చెల్లుతుంది, పొడుగైతే నింపుడు లెక్క చెల్లుతుంది. మావాడి ఫార్ములా తప్పు కాదన్నది అందుకే, దానికీ ఒక ఊరుంది, ఆ ఊరు దాటితే చెల్లదంతే.

ఈ మోగుడు ఎక్కువగా ఏడిపించేది కంప్రెసర్ల దగ్గర. పిస్టన్ కంప్రెసర్ డిశ్చార్జి లైన్లో ప్రెషర్ కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడి నుంచి గేజ్‌కి వేసిన సన్నటి గొట్టం, ఇంపల్స్ లైన్, పొడుగు ఆ కొట్టుకునే వేగానికి సరిపడిందా, గేజ్ ముల్లు అసలు లైన్లో లేని ప్రెషర్‌ని చూపిస్తూ వణుకుతుంది. ఒక మీటరు లైన్ అయితే సెకనుకి దాదాపు 87 సార్ల దగ్గర మోగుతుంది, నాలుగు మీటర్లైతే 22 దగ్గర. గేజ్ చెడిపోయిందని మార్చేస్తే కొత్తదీ అలాగే వణుకుతుంది. స్నబ్బర్ పెట్టి కంతని సన్నం చేస్తే వణుకు తగ్గుతుంది, కానీ ఆ స్నబ్బరే మరీ సన్నమైతే నిజంగా వచ్చిన మార్పుని కూడా దాచేస్తుంది. ఇక ఆరిఫిస్ ప్లేట్ (పైపులో అడ్డంగా పెట్టే కంత ఉన్న పళ్లెం) దగ్గర డీపీ, అంటే రెండువైపుల ప్రెషర్ తేడా, కొలిచి వర్గమూలం తీసి ఫ్లో చూపించేచోట ఈ కొట్టుకోవడం ఇంకా మోసం చేస్తుంది. వర్గమూలం సగటు వేరు, సగటు వర్గమూలం వేరు కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ ఫ్లో చూపిస్తుంది. వణుకు కనిపించకుండా నున్నగా చేసేసినా ఆ తప్పు పోదు, కనిపించకుండా పోతుందంతే, అది ఇంకా ప్రమాదం.

విండ్ టన్నెల్ పని చేసేవాళ్లకి ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. చెన్నై తరమణిలో సీఎస్ఐఆర్ వాళ్ల ఎస్ఈఆర్‌సీ అనే కట్టడాల పరిశోధన కేంద్రంలో గాలి ఒత్తిడి పరీక్షలకి, నేల దగ్గర వీచే గాలిని నకలు చేసే బౌండరీ లేయర్ విండ్ టన్నెల్ ఉంది. ఇలాంటిచోట్ల భవనం నమూనా మీద బోలెడన్ని చిన్న కంతలు పెట్టి, ఒక్కోదాని నుంచి మిల్లీమీటరు లోపలి వ్యాసం ఉన్న ప్లాస్టిక్ ట్యూబ్‌తో సెన్సర్‌కి కలుపుతారు. ఈదురుగాలి ఒక్కసారి కొట్టిన దెబ్బ ఎంతో తెలియాలి, కానీ ట్యూబ్ కొన్ని వేగాల ఊపుల్ని పెంచి, కొన్నిటిని మింగేస్తుంది. 1965లో నెదర్లాండ్స్‌లో బెర్గ్, టైడెమాన్ అనే ఇద్దరు దీనికి ఒక పద్ధతి ఇచ్చారు. ఏ ఊపు వేగం దగ్గర ట్యూబ్ ఎంత పెంచుతుందో, ఎంత ఆలస్యం చేస్తుందో ముందే లెక్కగట్టి, కొలిచిన దాని నుంచి అసలు ప్రెషర్‌ని వెనక్కి రాబట్టొచ్చు. ఇప్పటికీ వాడతారు. లేదంటే ట్యూబ్ మధ్యలో చిన్న నొక్కు లాంటి అడ్డు పెట్టి మోగుడుని చంపేస్తారు, మన స్నబ్బర్ లాగే.

ఇక్కడ నాకు భలే ఇష్టమైన సంగతొకటి ఉంది, పనికి పెద్దగా రాదు గానీ చెప్పకుండా ఉండలేను. న్యూటన్ 1687లో శబ్దవేగాన్ని లెక్కగట్టి అసలుకంటే ఆరో వంతు దాకా తక్కువ తెచ్చుకున్నాడు. నొక్కిన గాలి వేడెక్కదు అనుకోవడమే తప్పు. లాప్లాస్ తర్వాత దిద్దాడు, శబ్దం అంత గబగబా నొక్కుతుంది కాబట్టి వేడి పోయే టైమ్ ఉండదు, గాలి ఇంకా బిరుసుగా ప్రవర్తిస్తుంది అని. మన రాగి ట్యూబ్‌లో ఏం జరుగుతుందంటే, మార్పు నిదానంగా ఉంటే పుట్టిన వేడిని గోడలు లాగేసుకుంటాయి, గాలి న్యూటన్ చెప్పినట్టే మెత్తగా ఉంటుంది. మార్పు వేగంగా ఉంటే లాప్లాస్ చెప్పినట్టు. న్యూటన్ తప్పు సన్నటి గొట్టంలో ఒప్పయిపోతుంది.

లీకు, నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మూసిన కొసలో గాలి పారదు కాబట్టి తేడా ఉండదన్నాం కదా, లీకుంటే పారుతూనే ఉంటుంది, అంటే తేడా శాశ్వతం. అదే లీకు పంపేవైపు దగ్గర ఉంటే రిలే దాన్ని పూడ్చేస్తుంది, పెద్దగా తెలియదు. అవతలి కొసలో ఉంటే గాలి గొట్టం పొడుగునా రాసుకుంటూ రావాలి కాబట్టి రిసీవర్ ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. అందుకని సబ్బు నురగ ముందు రిసీవర్ వైపు నుంచే మొదలుపెట్టాలి, మేం ఆ రాత్రి పంపేవైపు నుంచి మొదలుపెట్టి మూడు గంటలు పోగొట్టుకున్నాం. నీళ్లైతే చెన్నై ఉక్కపోత సంగతి తెలిసిందే. డ్రయ్యర్ బాగున్నంతకాలం మైనస్ 40 డిగ్రీల డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారే వేడిమి) ఉన్న గాలి వస్తుంది, బొట్టు కూడా ఉండదు. డ్రయ్యర్ ఒక వారం పడుకుంటే ట్యూబ్ కిందకి వంగిన ప్రతిచోటా నీళ్లు చేరతాయి. ఐదు మిల్లీమీటర్లు కూడా లేని కంతని చిన్న బొట్టే మూసేస్తుంది. ప్రెషర్ ఆ బొట్టుని తోసుకుని పోవాలి కాబట్టి సిగ్నల్ ఆగి ఆగి, దూకి దూకి వస్తుంది. ట్యూబ్‌ని ఒకవైపు వాలుగా వేయమని గోల పెట్టేది ఇందుకే.

ఇంతా చెప్పేసరికి మా బండి ఇంకా అక్కడే ఉంది, గూడ్స్ మాత్రం కదిలిపోతోంది. మావాడు పట్టు వదల్లేదు. "అయితే మామయ్యా, 620 మీటర్ల పైపులో నింపుడు లెక్క వేస్తే ఆఖరి వ్యాగన్‌కి బ్రేక్ ఎప్పటికి పడాలి?"

ఇదే ప్రశ్న రైళ్లకి గాలి బ్రేకు కనిపెట్టిన వెస్టింగ్‌హౌస్‌ని కూడా ఏడిపించింది. 1886, 87లలో అమెరికాలో బర్లింగ్టన్ రైల్వే మీద 50 పెట్టెల గూడ్స్ బళ్లతో పరీక్షలు చేశారు. ముందున్న పెట్టెలకి బ్రేకు పడేది, వెనకవాటికి ఇంకా కబురు అందేది కాదు, అవి వచ్చి ముందువాటిని గుద్దేవి, వెనక పెట్టెల్లో కూర్చున్నవాళ్లు ఎగిరిపడేవాళ్లు. ఇంతకీ బ్రేక్ వేయడమంటే పైపులో ప్రెషర్ పెంచడం కాదు, తగ్గించడం. పైపు తెగినా బ్రేకే పడాలని అలా పెట్టారు, మన 3 పీఎస్ఐ తెలివి లాంటిదే. మన గూడ్స్‌లో బ్రేక్ పైపు చదరపు సెంటీమీటరుకి 5 కిలోల దగ్గర నిండి ఉంటుంది, డ్రైవర్ దాన్ని తగ్గిస్తే బ్రేకులు పడతాయి. తగ్గించడమంటే అంత గాలీ ఇంజన్ దగ్గరున్న ఒక్క కంతలోంచి బయటికి రావాలి. వెస్టింగ్‌హౌస్ ఏం చేశాడంటే, ప్రతి పెట్టె కిందా ఉన్న వాల్వ్‌కే ఒక చిన్న పని అప్పజెప్పాడు. ప్రెషర్ తగ్గడం మొదలైందని నీకు తెలిసిందా, నువ్వూ పైపులోంచి కొంచెం గాలి అక్కడికక్కడే వదిలెయ్. అంటే అరిగిపోతున్న అలకి ప్రతి పెట్టె దగ్గరా కొత్తగా బలం ఇస్తూ పోయాడు. ఆనాటి టెలిగ్రాఫ్‌వాళ్లు పెట్టిన రిలేలూ, మా వాల్వ్ మీద పెట్టిన పొజిషనరూ ఇదే ఆలోచన. అంతర్జాతీయ రైల్వేల సంఘం యూఐసీ ప్రమాణం ప్రకారం ఎమర్జెన్సీ బ్రేక్ కబురు సెకనుకి కనీసం 250 మీటర్ల వేగంతో వెళ్లాలి. శబ్దవేగానికి అంత దగ్గరగా రావడం ఒట్టి గొట్టం వల్ల కాదు, ప్రతి పెట్టె చేయి వేయడం వల్ల.

"మరి మనం విన్నది నిదానంగా పోయింది కదా?"

మనం విన్నది బ్రేక్ వేయడం కాదురా, వదలడం. వదలాలంటే పైపుని మళ్లీ నింపాలి, దానికి ఇంజన్ కంప్రెసర్ నుంచే గాలి రావాలి. బ్రేక్ వేసేటప్పుడు గాలి బయటికి పారేయమనడం తేలిక, కొత్త గాలి ఇమ్మని ఒక్కో వ్యాగన్‌ని అడిగితే ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే అది నింపుడు లెక్కలోనే నడుస్తుంది.

ఇంకోటి కూడా చెప్పాను వాడికి. కబురు రెండున్నర సెకన్లలో వెనక్కి చేరినా, గూడ్స్‌లో బ్రేక్ సిలిండర్ నిండడానికి 18 నుంచి 30 సెకన్లు పట్టేలా కావాలనే సన్నటి కంత పెడతారు. ముందు పెట్టె గట్టిగా పట్టేలోపు వెనక పెట్టెకి కూడా కబురు అంది, అదీ మెల్లగా మొదలుపెట్టాలని. నేను ప్లాంట్లో ఇన్నేళ్లూ ఆలస్యాన్ని తగ్గించడానికే తంటాలు పడితే, వాళ్లు ఆలస్యాన్ని కొని తెచ్చి పెట్టుకున్నారు.

అప్పుడు మా బండి కదిలింది. మావాడు కిటికీలోంచి తల కొంచెం బయటికి పెట్టి వినడానికి ప్రయత్నించాడు. "మన బండిలో సుయ్ మని ఒక్కసారే వచ్చింది మామయ్యా, అన్ని పెట్టెల్లో ఒకేసారి." లోకల్ బండ్లలో మామూలుగా వాడే బ్రేకుకి కబురు కరెంటు తీగలో పోతుంది, గాలి ప్రతి పెట్టె కిందా అక్కడికక్కడే ఉంటుంది అని చెప్పి, తల లోపలికి పెట్టమన్నాను.